ఒంటరి గదిలో మారుమనస్సు



మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఫిలడెల్ఫియా తీసుకెళ్లాను. లిబర్టీ బెల్ చూశాక ఇంకా సగం రోజు మిగిలింది. జైలు మ్యూజియం ఉందంటే నాన్నగారు వెంటనే బయల్దేరదామన్నారు. ఆయన ప్రతి క్రిస్మస్‌కీ సంఘం వాళ్లతో రాజమండ్రి సెంట్రల్ జైలుకి వెళ్లి, పాటలు పాడి, కేకులు పంచి వస్తారు. జైలంటే ఆయనకి భయం లేదు.

ఆ జైలు పేరు ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షరీ. పేరులోనే పశ్చాత్తాపం ఉంది. 1829లో తెరిచారు. దీని వెనక ఉన్నవాళ్లు క్రూరులు కారు. క్వేకర్లు, ఇంకా ఎందరో ప్రార్థనాపరులు. ఆ కాలపు జైళ్లలో మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు ఒకే చోట కుక్కి ఉండేవారు. కాపలావాళ్లే సారా అమ్మేవారు. అది చూడలేక 1787లో ఫిలడెల్ఫియా పెద్దలు ఒక సొసైటీ పెట్టారు. కొరడా వద్దు, మనిషిని ఒంటరిగా దేవునితో ఉండనిద్దాం, వాడి మనస్సాక్షే వాడితో మాట్లాడుతుంది అనుకున్నారు. మనం కూటాల్లో ఏకాంత ప్రార్థన గురించి చెప్పుకునే మాట ఇంచుమించు ఇదే.

జాన్ హావిలాండ్ అనే ఆర్కిటెక్ట్ బండిచక్రం ఆకుల్లాగా ఏడు వరసలు గీశాడు. ఒక్కో ఖైదీకి ఒక్కో గది, వెనక చుట్టూ గోడలున్న చిన్న పెరడు. వైట్‌హౌస్‌కి లేని రోజుల్లోనే ఇక్కడ గదులకి వేడి, కొళాయి నీళ్లు ఉండేవట. చదువుకోవడానికి బైబిలు. కప్పులో ఒక చిన్న అద్దపు కిటికీ. దాన్ని ‘దేవుని కన్ను’ అనేవారు. గది దాటి తీసుకెళ్లాల్సి వస్తే ముఖానికి ముసుగు. ఇంటి నుంచి ఉత్తరం లేదు, చూడటానికి ఎవరూ రాకూడదు. సొసైటీ వాళ్లో, పాదిరిగారో వస్తే వాళ్లతోనే మాట.

1831లో ఫ్రాన్సు నుంచి టోక్‌విల్ వచ్చి ఖైదీలతో విడివిడిగా మాట్లాడి, పద్ధతి బాగుందన్నాడు. 1842లో చార్లెస్ డికెన్స్ వచ్చి, ఉద్దేశం దయగలదే గానీ తామేం చేస్తున్నారో వీళ్లకి తెలియడం లేదని, మెదడుని రోజూ కొంచెం కొంచెంగా నలపడం ఒంటిని కొట్టడం కంటే ఘోరమని రాశాడు. నాకు డికెన్స్ మాటే నిజమనిపిస్తుంది. నెలల తరబడి మనిషి ముఖం చూడనివాడు, వచ్చిన పెద్దమనిషితో ‘మారాను బాబూ’ అనక ఇంకేమంటాడు?

1890లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఇలాంటి శిక్షల సంగతి ఎత్తి, కొందరు మతి తప్పారని, కొందరు ప్రాణం తీసుకున్నారని చెప్పింది. అయినా ఇక్కడ ఈ పద్ధతిని అధికారికంగా వదిలింది 1913లో. అప్పటికే గదులు చాలక ఒక్కో దాంట్లో ఇద్దర్నీ ముగ్గుర్నీ పెట్టేస్తున్నారు. అంటే ఆ పద్ధతిని ఓడించింది చోటు లేకపోవడం. కట్టినవాళ్ల మారుమనస్సు కాదు.

జైలు 1971లో మూతపడింది. 1994 నుంచి మ్యూజియం. పెచ్చులూడిన గోడల్ని కూలకుండా మాత్రం కాపాడి, అలాగే ఉంచారు. అల్ కపోన్ గది దగ్గరే ఎక్కువ గుంపు. హాలోవీన్‌కి ఇక్కడ భయపెట్టే ఆటలు ఆడిస్తారు, ఆ టికెట్ల డబ్బు మ్యూజియం నడవడానికి పనికొస్తుంది. మనుషులు మతి పోగొట్టుకున్న చోట సరదాగా కేకలు వేయడం నాకు మింగుడుపడలేదు. కానీ 2019లో ఖైదీలు తీసిన చిన్న సినిమాల్ని ఆ బయటి గోడ మీదే వేసి, ఊరందరికీ చూపించారు. ముసుగు వేసిన చోట ముఖాలు చూపించారన్నమాట.

ఇదంతా పాత కథ కూడా కాదు. వరసగా పదిహేను రోజులు మించి ఒంటరి నిర్బంధం కూడదని 2015లో ఐక్యరాజ్యసమితి మండేలా నియమాల్లో రాసుకుంది. అమెరికాలో వేలమంది నేటికీ అలాంటి గదుల్లోనే ఉన్నారు.

నాన్నగారు ఒక గదిలో నిలబడి, కప్పులోని కిటికీ వైపు చాలాసేపు చూశారు. “తప్పిపోయిన కుమారుడు కూడా పందుల దగ్గర ఒంటరిగానేగా బుద్ధి తెచ్చుకున్నాడు?” అన్నాను. “వాడికి నాన్న ఇల్లు గుర్తుందిరా. దారికి గోడ లేదు” అన్నారు.

ఏలీయా హోరేబుకి తనంతట తాను వెళ్లాడు. యేసు కొండెక్కి ప్రార్థించి మళ్లీ దిగి వచ్చాడు. ఆదాము ఒంటరితనం చూసి అది మంచిది కాదన్నది దేవుడే. వైరస్ పట్టిన ఫైలుని మేం క్వారంటైన్‌లో పెడతాం. మిగతా సిస్టమ్‌ని కాపాడటానికి అది అవసరమే. కానీ అందులో ఉన్నందువల్ల ఏ ఫైలూ బాగుపడదు.

ఇంత రాయడానికి కారణం చెప్పాలి. రెండేళ్ల క్రితం మా సహవాసంలో ఒక తమ్ముడు నాలుగైదు కుటుంబాల దగ్గర అప్పు తీసుకుని, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పోగొట్టి, అమ్మకి ఆపరేషనని అబద్ధం చెప్పాడు. పాటల టీమ్ నుంచి తప్పించాం. అది న్యాయమే. వాట్సాప్ గ్రూప్ నుంచి కూడా తీసేశాం. “కొన్నాళ్లు దేవునితో ఒంటరిగా ఉండనిద్దాం” అని ఎవరో అంటే తల ఊపినవాళ్లలో నేనొకణ్ణి. అతని కోసం ప్రార్థించాం కూడా. ఫోన్ మాత్రం ఎవరూ చేయలేదు. మారాడా లేదా అని మాలో మేం అడుగుతూ ఉండగానే అతను వేరే స్టేట్‌కి వెళ్లిపోయాడు.

ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన వారానికి అతని నంబరు వెతికి ఫోన్ చేశాను.

“ఎవరండీ?” అన్నాడు. నా నంబరు తీసేసినట్టున్నాడు. పేరు చెప్పాను.