భాణా మానడమంటే చేతులు కట్టుకోవడమా?



సాధ్ సంగత్ జీ, కొలిమి ఆరిపోయినా, అప్పు పెరిగినా, ఇంటిమనిషి పోయినా "అంతా గురువు భాణా" అంటాం. నిజమే. అయితే భాణా మానడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా?

1675 నవంబరులో ఢిల్లీ చాందినీ చౌక్‌లో గురు తేగ్ బహాదుర్ జీ శహీదు అయ్యారు. లఖీ షా వణజారా వారి దేహాన్ని బండిలో రాయ్‌సీనా పల్లెకు తెచ్చారు. బయట చితి పేరిస్తే పట్టుబడతారు. అందుకే తన ఇంటికే నిప్పు పెట్టి సంస్కారం చేశారు. ఆయనకు దుఃఖం లేదా? ఉంది. అయినా ఆ గడియలో చేయాల్సిన సేవ ఆపలేదు. నేటి రకాబ్ గంజ్ సాహిబ్ అక్కడే ఉంది.

1984 నవంబరులో ఆ గురుద్వారాపైనే మూక దాడి చేసింది. ప్రభుత్వ లెక్కలోనే ఢిల్లీలో 2,733 మంది సిక్కులు చనిపోయారు. భర్తలను పోగొట్టుకున్న తల్లులెందరో తిలక్ విహార్‌లో మళ్లీ పొయ్యి వెలిగించారు. కన్నీళ్లు ఆగలేదు, న్యాయం అడగడమూ మానలేదు. చఢ్దీ కలా అంటే ఏడవకపోవడం కాదు, ఏడుస్తూనే లేవడం.

మేమూ చదువు మధ్యలో వదిలేసి, సిగ్గుతో ఏళ్ల తరబడి దాచాం. ముప్ఫై దాటాక సంగత్‌లో ఒక పెద్దాయనకు చెప్పుకున్నాం. ఇప్పుడు మళ్లీ డిగ్రీ చదువుతున్నాం. పోయిన ఏళ్లు తిరిగి రావు, అది భాణా. మిగిలిన ఏళ్లతో ఏం చేస్తామన్నది మన కిరత్.

తుప్పు పట్టిందని మన పెద్దలు ఇనుమును పారేయలేదు, సాన పట్టారు. అప్పును దాచకండి, బాధను సారాలో ముంచకండి. ఇంట్లో చెప్పండి, సంగత్‌లో చెప్పండి. పొద్దున పాఠ్ చేసి పనికి లేవండి.

భుల్ చుక్ మాఫ్.