ఉపకరణ ధర్మం

మహానవమి నాడు రాయచూరు సీమలో నాగలి, కొడవలి, త్రాసు, కుట్టుమిషను, ట్రాక్టరు మొదలైన సాధనాలు పసుపు కుంకుమలతో పూజలందుకుంటాయి. కొంతకాలంగా కొన్ని గృహాలలో స్మార్ట్‌ఫోను కూడా ఆ పూజాపీఠాన్ని అధిరోహించింది. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. ఏ సాధనం వలన జీవిక సాగుతుందో దానిపట్ల కృతజ్ఞత చూపడం, దానిని మలినం కానీయక కాపాడుకోవడం పూర్వుల నుంచి సంక్రమించిన ఆచారం. అయితే దుక్కికి ముందు నాగలికర్రు పదును చూసుకొనే కర్షకుడు, తూకానికి ముందు త్రాసు ముల్లు సరిచూసుకొనే వర్తకుడు ఫోను దగ్గరకు వచ్చేసరికి ఆ పరీక్షను విస్మరిస్తున్నారు. అమ్మినవాడు అందులో ఏవి నింపి ఇచ్చాడో, తరువాత ఎవరి ప్రేరణతో ఏవి వచ్చి చేరాయో విచారించకయే దినమంతా దానిని చేతబట్టి సంచరిస్తున్నారు. సాధనాన్ని తన కర్తవ్యానికి తగినట్లు తీర్చుకోవడం కర్త విధి. ఆ విధి ఎవరికీ తెలియనిది కాదు, మరపున పడినది మాత్రమే.

తెరపై ఇష్టదైవం చిత్రం, పిలుపుకు నచ్చిన పాట, రంగుల తొడుగు, ఇవన్నీ నిర్దోషమైన వేడుకలు. వీటిని గురించి ఉపదేశం అనవసరం. వీటితోనే ఫోను తనదైపోయిందని తలచడం మాత్రం భ్రమ. ఏవి లోనికి రావచ్చునో, ఏవి రాకూడదో నిర్ణయించినప్పుడే అది నిజంగా యజమాని వశమవుతుంది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేది అనేక ప్రభుత్వాలను చూసింది. రాయచూరు కోట గోడలో 40 అడుగులకు మించిన ఏకశిల ఒకటి ఉంది. గోరె గన్నయరెడ్డి దుర్గనిర్మాణాన్ని తెలిపే 1294 నాటి తెలుగు శాసనం దానిపై నేటికీ నిలిచి ఉంది. అంతటి శిలను బండిపై దున్నలు లాగిన దృశ్యాన్ని సైతం అక్కడే గీసి ఉంచారు. ఆ కోట నిమిత్తమే 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాతో ఘోరయుద్ధం చేసి గెలిచాడు. ఆ విజయఫలం అర్ధశతాబ్దమైనా నిలువలేదు; శిలపై వ్రాత మాత్రం నిలిచింది. శిలపై స్థలం స్వల్పం, చెక్కే శ్రమ అధికం కనుక ఏది చెక్కదగినదో ఆనాటివారు పదిమార్లు ఆలోచించారు. ఫోనులో స్థలం విస్తారం, శ్రమ ఒక్క వ్రేలిస్పర్శ కనుక నేటివారికి ఆలోచనకు అవకాశమే కలగడం లేదు. ఇదే జిల్లాలోని మస్కి వద్ద 1915లో వెలుగుచూసిన శాసనం దేవానాంప్రియుడనే బిరుదుతో పాటు అశోకుడనే పేరును కూడా పలికి చరిత్రకారుల సందేహాన్ని తీర్చింది. ధర్మనిష్ఠకు లభించే ఫలం ఉన్నతులకే పరిమితం కాదని, అల్పుడు సైతం యత్నిస్తే దానిని పొందగలడని ఆ శాసనం చెప్పే మాట. ఫోను రూపంలో కోటీశ్వరుని చేతిలోని శక్తి నేడు కూలివాని చేతిలోనూ ఉన్నది. శక్తి సమానమైనప్పుడు దానిని నియమించుకొనే బాధ్యత కూడా సమానమే కావాలి.

తుంగభద్ర ఎడమకాలువ నీటితో సింధనూరు, మాన్వి ప్రాంతాలు వరిమళ్లుగా మారిన కాలంలో కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు నేటికీ క్యాంపులనే పేరుగల పల్లెలలో నివసిస్తున్నాయి. అట్టి గృహస్థుని కర్తవ్యాలు పరిగణిస్తే పైరు, నీరు, ఋణం, సంతానవిద్య, వృద్ధుల ఆరోగ్యం అని తేలుతుంది. ఫోను తెరలో మొదటి పుట ఈ క్రమాన్నే అనుసరించాలి. భారత వాతావరణశాఖ పక్షాన మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ సూచనలను జిల్లావారీగా అందించే మేఘదూత్ యాప్ అక్కడ ఉండదగినది. 2019లో వచ్చిన ఈ సాధనం రానున్న దినాల వర్షాన్ని, గాలిని ముందుగా తెలిపి, మందు కొట్టిన మరునాడే వాన కురిసి ధనమూ శ్రమా వ్యర్థమయ్యే దుఃఖాన్ని తగ్గిస్తుంది. ముంగారుకు ముందు నల్లరేగడి చేలలో పిడుగు నరులనూ పశువులనూ ఒక్క క్షణంలో హరిస్తుంది. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపుల కదలికను గుర్తించి హెచ్చరిస్తుంది. చెట్టుక్రింద నిలిచినవానికి ఆ హెచ్చరికను చదివే తీరిక ఉండదు కనుక, దాని ధ్వనిని మాత్రం ఎన్నడూ మూయరాదు.

పొలం హక్కును, పైరును తెలిపే పత్రమైన పహణి విషయంలో మరింత శ్రద్ధ కావాలి. కర్ణాటకలో భూమి పథకం వలన పహణి కంప్యూటరులోకి చేరి, గ్రామలెక్కాధికారి దస్తావేజుల మూట నుంచి విముక్తమైంది. రైతు తన పైరు చిత్రాన్ని తానే పొలంలో నిలిచి నమోదు చేసే బెళె సమీక్షె యాప్ 2020 ముంగారు నుంచి వాడుకలోకి వచ్చింది. ఆ నమోదే మద్దతుధర కొనుగోలుకు, పంటల బీమాకు, కరువు పరిహారానికి ఆధారం. పత్తి వేసినచోట పత్తి అని, బీడు ఉంచినచోట బీడు అని నిజమే వ్రాయాలి. పూర్వం అసత్యానికి ఒక అధికారి తోడు కావలసివచ్చేది. ఇప్పుడు ఏకాంతంలో, సాక్షి లేనిచోట, సత్యమో అసత్యమో రైతు వ్రేలిచివరనే నిర్ణయమవుతున్నది. సాక్షి లేనిచోట పలికే సత్యమే సత్యవ్రతానికి పరీక్ష. మూలపత్రాలతో సమానంగా చెల్లే ఆధారాలను భద్రపరచే డిజిలాకరు, బ్యాంకు యాప్ ఒకటి, రైలు టికెట్టుకొకటి, పిల్లల పాఠాలకు దీక్ష, వీటితో మొదటి పుట నిండుతుంది. అంతకు మించి కావలసిన గృహస్థులు అరుదు.

భాష విషయమూ ఇక్కడే చెప్పుకోవాలి. రాయచూరులో ఒకే వీధిలో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ప్రభుత్వ సేవలు కన్నడంలో, ఇంటిమాట తెలుగులో, వచ్చే సందేశాలు అనేకం ఇంగ్లీషులో ఉండగా, వృద్ధమాత అర్థం కాని అక్షరాల ముందు నిస్సహాయగా నిలిచి ప్రతి సందేశాన్నీ మనుమని చేత చదివించుకొంటుంది. ఫోను అమరికలలో తెలుగును ప్రథమభాషగా, కన్నడాన్ని ద్వితీయంగా ఉంచడం, అక్షరాల పరిమాణం పెంచడం, వ్రాయలేనివారికి మాటను అక్షరంగా మార్చే మైకును చూపడం, తాళం వేసిన తెరమీదనే రక్తవర్గం, ఆపదలో పిలువవలసిన ఆప్తుల సంఖ్యలు కనిపించేలా ఉంచడం, ఇవన్నీ ఒక సాయంకాలపు పని. తల్లిదండ్రుల సేవ అనేది నేటికాలంలో ఈ రూపాన్ని కూడా ధరించింది. కుమారుడు నగరం నుంచి కొత్త ఫోను పంపి ఋణం తీరిందని తలచరాదు. పక్కన కూర్చుండి నేర్పినప్పుడే అది దానమవుతుంది.

ఇక అనుమతుల విచారం. అతిథి వస్తే అరుగుపై ఆసనం చూపుతాము, దాహం ఇస్తాము. ధాన్యపు కొట్టు తాళం అతని చేత పెట్టము. ఫోనులో మాత్రం వెలుగు చూపే యాప్ బంధువుల సంఖ్యలు అడిగినా, పంచాంగం చెప్పే యాప్ మాటలు వినే హక్కు కోరినా, ఏమీ చదవకయే సరేనని వ్రేలు మోపుతున్నారు. వాడుతున్న సమయంలో మాత్రమే స్థానం తెలిపే నియమం ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి, ఒక్కసారికి మాత్రమే అనుమతించే నియమం 2020 నుంచి ఉన్నాయి. తలుపు వేయగల శక్తిని యంత్రం ఇచ్చింది. వేయవలెననే సంకల్పం మనిషిదే కావాలి. అడిగిన హక్కుకూ చేసే పనికీ సంబంధం లేనప్పుడు ఆ యాప్‌ను తొలగించడమే క్షేమం.

ఈ అజాగ్రత్త ప్రాణాలనే బలిగొన్న సందర్భం తెలుగునేలపైనే జరిగింది. 2020 చివర తెలంగాణలో, క్షణాలలో అప్పునిచ్చే యాప్‌ల వేధింపులను తాళలేక కొందరు ఆత్మహత్య చేసుకొన్నారు. అప్పు ఇచ్చే ముందే ఆ యాప్‌లు ఫోనులోని బంధుమిత్రుల పేర్లు, చిత్రాలు గ్రహించి, వాయిదా తప్పగానే వారందరికీ అవమానకరమైన సందేశాలు పంపాయి. పత్తికి తెగులు వచ్చినా, కాలువచివర పొలానికి నీరు అందకున్నా ఋణం కోసం చేయి చాపవలసిన స్థితి ఈ సీమ రైతుకు కొత్తది కాదు. రిజర్వు బ్యాంకు 2022లో విధించిన నియమాల ప్రకారం అప్పిచ్చే యాప్ ఋణగ్రహీత ఫోనులోని పరిచయాల పట్టికను, పిలుపుల వివరాలను, చిత్రాలను ముట్టరాదు. వాటిని అడిగే యాప్ ఎంత సౌమ్యంగా పలికినా ధర్మమార్గంలో లేదని గ్రహించాలి. అవసరం ఎంత తీవ్రమైతే విచారణ అంత నిదానంగా సాగాలి; ఆపదలో బుద్ధి స్థిరంగా ఉంచుకోవడం కష్టమే అయినా, ఆ కష్టం అప్పు తెచ్చిపెట్టే కష్టంకన్నా మిక్కిలి స్వల్పం.

మరొక వంచన శుభకార్యం ముసుగులో వస్తున్నది. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో, లేదా పీఎం కిసాన్ సొమ్ము పేరుతో వచ్చే ఏపీకే ఫైలును తెరిచి, అందులోని యాప్‌ను స్థాపిస్తే అది ఫోనులోనికి చొచ్చి, సందేశాలు చదివి, బ్యాంకులోని ధనాన్ని హరిస్తుంది. బంధువు శుభలేఖ పంపితే చూడకుండడం అమర్యాద అని భావించే జాతి మనది. ఆ మర్యాదనే వంచకుడు ఆయుధంగా చేసుకొన్నాడు. ప్లేస్టోరుకు వెలుపలి నుంచి వచ్చే యాప్‌ను స్థాపింపనీయని అమరికను ఎన్నడూ సడలించరాదు. యూపీఐ రహస్యసంఖ్య ధనం పంపడానికి కావాలి. స్వీకరించడానికి ఎన్నడూ అక్కరలేదు. ఈ ఒక్క వాక్యం ఇంటిలోని ప్రతివారికీ కంఠస్థమైతే అనేక కుటుంబాల కూడబెట్టిన సొమ్ము నిలుస్తుంది. మోసం జరిగిన వెంటనే సైబరు మోసాల సహాయవాణి 1930 సంఖ్యకు తెలుపాలి. సిగ్గుతో దాచిన ప్రతి గడియా ధనాన్ని మరింత దూరం చేస్తుంది. మోసపోవడం పాపం కాదని ఇంటిపెద్దలు ముందుగానే చెప్పి ఉంచితే పిన్నలు దాచరు.

కాలాన్ని హరించేవి మరింత సూక్ష్మమైనవి. ధనం పోయినప్పుడు తెలుస్తుంది, ప్రాతఃకాలం పోయినప్పుడు తెలియదు. ప్రతి యాప్ తనను మరువవద్దని గంట మ్రోగిస్తుంది. మనుష్యుని పిలుపులకూ ఆపద హెచ్చరికలకూ తప్ప మిగిలినవన్నింటికీ ఆ గంటను తొలగించాలి. ఏ యాప్‌లో ఎంత కాలం గడిచిందో చూపే ఏర్పాటు 2018 నుంచి ఫోనులోనే ఉన్నది. వారానికొకమారు ఆ లెక్కను చూసుకోవడం వ్యాపారి చిట్టా చూసుకోవడం వంటి నియమం కావాలి. ఫోనులో ధనం ఒడ్డి ఆడే ఆన్‌లైన్ పందెపు ఆటలను 2025లో పార్లమెంటు శాసనం చేత నిషేధించింది. జూదం చేత రాజ్యాలు పోయిన కథను బాల్యం నుంచి విన్న ప్రజకు ఆ శాసనం కొత్త ధర్మాన్ని చెప్పలేదు. పిల్లల ఎదుట పెద్దలు తెరను దించి మాట్లాడితేనే పిల్లలకు చేసే నిషేధానికి అర్హత కలుగుతుంది.

ఇన్ని జాగ్రత్తలతో తీర్చుకొన్న సాధనం కూడా శాశ్వతం కాదు. తయారుచేసినవారు కొన్నేళ్ల తరువాత భద్రతా సవరణలు పంపడం మానుతారు; అప్పటి నుంచి ఆ ఫోనుతో ధనవ్యవహారాలు చేయడం సాహసం. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక తెలుగు సంయుక్తాక్షరం సందేశంగా వచ్చినంతనే ఐఫోన్లు స్తంభించిపోయాయి; అదే నెలలో ఆపిల్ సంస్థ సవరణ పంపింది. అంతటి యంత్రానికి అంతటి బలహీనత ఉన్నప్పుడు, వచ్చిన సవరణను రేపటికి వాయిదా వేయడం తగదు. వాడని యాప్‌ను తొలగించడం, అక్కరలేని చిత్రాలను చెరిపివేయడం, ఉగాదికి ఇల్లు దులిపినట్లే ఏటా చేయదగిన పని.

యంత్రం కన్నా ముందుగా యజమానియే నిష్క్రమించవచ్చు. భర్త మరణించిన ఇంట, తాళం తెరుచుకోని ఫోనులో పంటసొమ్ము వివరాలు, బీమా సంఖ్యలు, పిల్లల బాల్యచిత్రాలు చిక్కుకొనిపోతే, శోకానికి తోడు భార్యకు అదనపు భారం కలుగుతుంది. గూగుల్ 2013 నుంచి, ఆపిల్ 2021 నుంచి తమ ఖాతాలకు ఉత్తరాధికారిని నియమించుకొనే వీలు కల్పించాయి. బ్యాంకులో నామినీ పేరు ఉన్నదో లేదో సరిచూడడం, ఫోను తాళపు సంఖ్యను కాగితంపై వ్రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టెలో ఉంచడం, అప్పులూ రావలసినవీ ఎక్కడెక్కడ నమోదై ఉన్నాయో తెలుపడం, ఇవి మరణాన్ని తలచుకొనే భయంతో కాక, జీవించి ఉండగా తీర్చవలసిన కుటుంబధర్మంగా చేయాలి. ఆరోగ్యంగా ఉన్న దినాననే ఈ ఏర్పాటు పూర్తిచేసి, ఇంటివారిలో ఒక్కరికైనా తెలియజేసి ఉంచాలి.