ఖర్చు పెట్టిన చేతికి హక్కు ఎంత?



2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన బూర్గంపాడులోనూ ఎన్నో ఇళ్ళు నీళ్ళలో నానాయి. అలా నానిన ఒక ఇంటి గురించి ఇద్దరు అన్నదమ్ములు నా దగ్గరికి తగవుకు వచ్చారు. వారెవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను.

అది తండ్రి కట్టిన పెంకుటిల్లు. తమ్ముడు అందులోనే ఉండి సేద్యం చేసుకుంటున్నాడు. అన్న కూలి పనుల మీద వేరే ఊళ్ళో స్థిరపడ్డాడు. తండ్రి చనిపోయాక పంపకం మాట వచ్చింది. తమ్ముడు ఒక నోటుబుక్కు నా ముందు పెట్టాడు. "ఫాదర్ గారూ, ఇంటి మీద నేను పెట్టినదంతా ఇందులో రాశాను. సగం అన్నయ్య ఇచ్చాకే వాటా" అన్నాడు. "నేను పెట్టమన్నానా?" అన్నాడు అన్న. "అయితే వేయించిన టైల్స్ అన్నీ పగలగొట్టేస్తాను" అన్నాడు తమ్ముడు.

ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. చిక్కంతా అక్కడే.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో విన్న రోమను న్యాయసూత్రం ఒకటి అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. జస్టీనియన్ చక్రవర్తి 533లో ప్రాచీన న్యాయవేత్తల అభిప్రాయాలను 'డైజెస్టు' అనే సంపుటంగా వెలువరించాడు. రోమనుల్లో వివాహబంధం ముగిసినప్పుడు భర్త కట్నాన్ని తిరిగి అప్పగించవలసి వచ్చేది. "ఈ పొలం మీద నేనింత ఖర్చు పెట్టాను" అని భర్త అంటే ఏం చేయాలి? అలాంటి ప్రశ్నల కోసం వారు ఖర్చులను మూడు రకాలుగా విడదీశారు.

పెట్టకపోతే ఆస్తి పాడైపోయేది అవసరమైన ఖర్చు. నది కోతకు అడ్డంగా కట్ట వేయడం ఇలాంటిదే. ఆస్తి విలువనూ రాబడినీ పెంచేది ప్రయోజనకరమైన ఖర్చు. ఇంటికి ధాన్యపు కొట్టు కలపడం ఇలాంటిది. కంటికి ఇంపు కోసం పెట్టేది విలాసపు ఖర్చు. నీళ్ళు చిమ్మే ఫౌంటెన్లు, గోడల మీద చిత్రాలు ఈ కోవలోకి వస్తాయి.

మొదటి రకాన్ని లెక్కలో తప్పక తగ్గించాలి. మూడవదాన్ని అడగడానికి వీల్లేదు. రెండవదాని గురించి పౌలుస్ అనే న్యాయవేత్త (అపొస్తలుడు కాదు సుమా!) చెప్పిన మాట గమనించండి. భార్యకు తెలియకుండా, ఆమెకు ఇష్టం లేకుండా చేసిన అభివృద్ధి భారాన్ని ఆమె నెత్తిన వేయకూడదు. వేస్తే దాన్ని తీర్చలేక ఆమె పొలాన్నే పోగొట్టుకోవచ్చు.

ఇక నోటుబుక్కు తెరిచాం. వరదకు కూలిన గోడ, మార్చిన దూలాలు, వాసాలు మొదటి రకం. "పెట్టమన్నానా?" అన్న మాట వీటికి చెల్లదు. తమ్ముడు ఆ గోడ లేపకపోతే అన్న వాటా కూడా మట్టిలో కలిసేది. బోరు, మిర్చి ఆరబోసే కల్లం రెండవ రకం. వీటి గురించి అన్నకు ఒక్క మాటైనా చెప్పలేదు. పైగా వీటి ఫలసాయం ఇన్నేళ్ళూ తమ్ముడే అనుభవించాడు. అనుభవించిన ఫలాన్ని ఖర్చులో నుండి తీసివేయాలని రోమను న్యాయం అంటుంది. గేటు మీద కమాను, వసారాలో టైల్స్ మూడవ రకం. అవి తమ్ముడి ముచ్చట.

మరి పగలగొడతానన్న మాటకేమిటి? పరాయి భూమి అని తెలియక కొని, కట్టడం కట్టి, చివరికి భూమి వదులుకోవలసి వచ్చినవాడి గురించి రెండవ శతాబ్దపు సెల్సుస్ ఆలోచించాడు. మంచి న్యాయాధిపతి మనుషులను, పరిస్థితులను చూసి తీర్పు చెప్పాలన్నాడు. భూమి యజమాని పేదవాడై, ఆ ఖర్చు చెల్లించాలంటే తాతముత్తాతల ఇంటినీ సమాధులనూ వదులుకోవలసి వస్తుందనుకోండి. అప్పుడు కట్టినవాడు భూమికి నష్టం కలగకుండా తీసుకుపోగలిగింది తీసుకుపోతే చాలు. అయితే తనకు లాభం లేకపోయినా ఎదుటివాణ్ణి ఏడిపించడానికే గోడ పూతను గీకేస్తానంటే మాత్రం ఒప్పుకోకూడదు.

మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 51వ సెక్షన్ కూడా, ఆస్తి పూర్తిగా తనదేనని సద్బుద్ధితో నమ్మి అభివృద్ధి చేసినవాడికి కొంత రక్షణ ఇస్తుంది. సద్బుద్ధి అన్న మాటే అక్కడ ప్రధానం. ఈ ఏజెన్సీలో ఉన్న మనం దాని ముందు కాసేపు ఆగాలి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ చెబుతోంది. కోయ కుటుంబం భూమిలో చేరి, బోరు వేసి, గట్లు కట్టి, "లక్షలు పోశాను, ఇక నాదే" అనేవారిని నేను చూశాను. తెలిసి చేసినవాడు సద్బుద్ధి అన్న మాటను ఏ నోటితో పలుకుతాడు? పేదవాడు తీర్చలేని మేలు చేసి, ఆ మేలునే సంకెలగా వేసి భూమిని లాక్కోవడం ఉపకారం కాదు.

నోటుబుక్కులో తండ్రి మందుల ఖర్చు నాకు ఎక్కడా కనిపించలేదు. ఆయన రెండేళ్ళు మంచాన ఉన్నారు. ఎందుకు రాయలేదని అడిగాను. "అది కూడా రాస్తారా ఫాదర్?" అన్నాడు తమ్ముడు. అన్న చాలాసేపు తలెత్తలేదు. ఆ ఖర్చుకు ఈ మూడు రకాల్లో గడి లేదు. గడి లేదు గనుక అన్నకు బాధ్యత లేదనీ కాదు.

చివరికి గోడకు, పైకప్పుకు అయిన దానిలో సగం రెండు పంటల గడువులో ఇస్తానని అన్న ఒప్పుకున్నాడు. కమాను నిలిచింది, టైల్స్ నిలిచాయి. బోరు విషయంలో తమ్ముడి మనసు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. ఆ మాట దాచను.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఉమ్మడి ఆస్తి మీద చేయి వేసే ముందు మీ నోటుబుక్కులో మూడు గడులు గీయండి. మొదటి గడిలోని పనికి ఎవరి కోసమూ ఆగకండి, ఇల్లు నిలబెట్టండి. రెండవ గడికి ముందు తోబుట్టువుకు కబురు చేయండి. మూడవ గడిలోనిది మీ సంతోషం. దాన్ని అప్పుగా మార్చి అన్నదమ్ముల మీద వేయకండి.