అడిగినవారి అప్పు



పోయిన తపస్సుకాలంలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత మా విచారణకు చెందిన ఒక తల్లి గుడి వాకిట్లో నన్ను నిలబెట్టి ఒక మాట అడిగింది. "స్వామీ, నిరుడు మీరు పూజలో చెప్పినారు గదా, చదువుకునే పిల్లలు ఇంటింటికీ వస్తారు, అడిగినదానికి జవాబు చెప్పండని. ఆ పాప మా ఇంటికొచ్చి రెండు గెంటలు కూర్చునింది. నా పెనిమిటి తాగుడు కాడినుంచి నా గర్భసంచి ఆపరేషన్ దాకా అన్నీ అడిగింది. మీరు చెప్పమన్నారని అన్నీ చెప్పినా. మళ్లా రాలా. నేను చెప్పిందంతా ఏమైంది స్వామీ?"

నాకు సమాధానం తోచలేదు. "కనుక్కుంటానమ్మా" అని మాత్రం అన్నాను. గురువిద్యాలయంలో ఏళ్ల తరబడి తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి, ఆ వాకిట్లో ఒక్క సూత్రమూ జ్ఞాపకానికి రాలేదు. అప్పటినుంచి ఆమె ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. ఈ వారం దానినే మీ ముందు పెడుతున్నాను.

జరిగింది ఇది. ఒక విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదివే విద్యార్థులు కొందరు పరిశోధన కోసం మా తోటపల్లి గూడూరు మండలానికి వచ్చారు. తీరగ్రామాలలో కుటుంబాల పరిస్థితి, ఆరోగ్యం, యువకుల జీవనోపాధి వారి అంశం. మంచి పిల్లలు. ఎండలో తిరిగారు, ఇచ్చిన మజ్జిగ తాగారు, పెద్దలను గౌరవించారు. ప్రశ్నపత్రాలు నింపుకొని వెళ్లారు. పరీక్షలు రాసి పట్టాలు తీసుకొని ఉంటారు. ఆ తరువాత మా ఊళ్లకు ఒక కాగితం ముక్క కూడా రాలేదు.

ముందుగా ఒక అపార్థం తొలగించాలి. "మన పేదరికం మనకు తెలియదా, ఈ సర్వేలెందుకు?" అనేవారు ఉన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 20 నుండి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మన ఇళ్లలో కళ్లు తిరిగి పడిపోయిన కోడలిని చూసి "ఆడదానికి ఇది మామూలే" అంటాము. లెక్కించి చూసినవారు ఉన్నారు గనుకనే అది ఆమె తలరాత కాదని, సగానికి మించిన స్త్రీలను పట్టిన జబ్బని, దానికి మందూ తిండీ ఉన్నాయని తెలిసింది. పునీత తోమాసు అక్వినాసువారు వివేకాన్ని నైతిక సుగుణాలన్నిటికీ దారి చూపేదిగా చెప్పారు. వివేకానికి మొదటి మెట్టు ఉన్నది ఉన్నట్లు చూడడం. 1961లో ఇరవైమూడవ యోహాను పోపుగారు తమ విశ్వలేఖలో "చూడు, తీర్పు చెయ్యి, ఆచరించు" అన్న మూడు మెట్ల పద్ధతిని శ్రీసభ అంతటికీ సిఫారసు చేశారు. బెల్జియంలో యువకార్మికుల మధ్య పనిచేసిన కార్డైన్ గురువుగారు ఆ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. చూడకుండా తీర్పు చెయ్యడం ఎంత చెడ్డదో నా అనుభవంలోనే ఉంది. అది తరువాత చెబుతాను.

అడగడం మంచిదే. అయితే ఒకరి ఇంట్లో కూర్చుని వారి గుండెకోత గూర్చి అడిగే హక్కు మనకు ఎక్కడినుంచి వచ్చింది? అడిగి తెలుసుకున్న తరువాత మనం వారికి ఏమి బాకీ పడ్డాం?

మొదటిది అనుమతి సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం మొదలైన మూడు మండలాలలో, సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. వారిలో కొందరు చనిపోవడంతో ఆందోళన రేగి 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని ప్రభుత్వ విచారణలో తేలలేదు, ఆ టీకా నేడు లోకమంతటా వాడుతున్నదే. కాని ఒక సత్యం బయటపడింది. ఎందరో పిల్లల అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఆ వార్తలు వచ్చిన రోజుల్లో నేను ఆ వార్డెన్లను నిందించాను. ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. పీఠం ముందు నిలబడి "జవాబు చెప్పండి" అని నేను ప్రకటించినప్పుడు నేను చేసింది మాత్రం ఏమిటి? ఆ తల్లి తన ఇష్టంతో చెప్పలేదు. "మీరు చెప్పమన్నారని చెప్పినా" అన్నది. స్వామి మాట కాదంటే ఏమనుకుంటారో అన్న బెరుకు ఆమె నోరు తెరిపించింది. ఆమె బదులు నేను సంతకం చేశాను, కాగితం మీద కాకపోయినా.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన గ్రంథంలో మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడుకోరాదని, ఎప్పుడూ తనంతట తానొక లక్ష్యంగా చూడాలని బోధించాడు. "కేవలం" అన్న పదమే ఇక్కడ ముఖ్యం. మనం ఒకరి వలన ఒకరం ఉపయోగం పొందుతూనే ఉంటాం. ఆ విద్యార్థినికి ఈ తల్లి మాటలు ఉపయోగపడ్డాయి, అందులో తప్పు లేదు. "నాకిష్టం లేదు, పొమ్మా" అనే స్వేచ్ఛ ఆమెకు లేకపోవడంలో తప్పు ఉంది. ఆ స్వేచ్ఛను తీసేసినది నేను.

రెండవ సంగతి దీనికంటె కష్టమైనది. ఆ తల్లికి మాటిచ్చాను గనుక ఆ విద్యార్థిని ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. మళ్లీ ఎందుకు రాలేదని అడిగితే చాలాసేపు మౌనంగా ఉండి, "ముఖం చెల్లక రాలేదు ఫాదర్" అన్నది. తరువాత ఒకరోజు స్వయంగా వచ్చి చెప్పింది. ఒక ఇంట్లో మాటల మధ్యలో, పదో తరగతి చదువుతున్న కూతురికి పెళ్లి కుదిర్చామని ఆ పిల్ల తల్లి చెప్పిందట. చెప్పినవి ఎవరికీ చెప్పనని ఈమె ముందే మాటిచ్చి ఉన్నది. మాట తప్పకూడదని నోరు మెదపలేదు. రెండు నెలలకు వేరే ఊరిలో బంధువుల ఇంట ఆ పెళ్లి జరిగిపోయింది. "నేను మాట నిలబెట్టుకున్నాను ఫాదర్. అది మంచి పనో పాపమో నాకు తెలియడం లేదు" అని ఏడ్చింది.

పాపసంకీర్తనంలో విన్నది గురువు ప్రాణం పోయినా చెప్పరాదు. ఆ ముద్రకు మినహాయింపు లేదు. పాపి దేవునితో చెప్పుకున్నది గురువు సొత్తు కాదు. కాని పరిశోధకురాలు ఇచ్చే మాట ఆ కోవకు చెందదు. ఆ మాట దేనికోసం ఇస్తాం? నమ్మి నోరు తెరిచినవారికి హాని జరగకూడదని. ఇక్కడ నోరు తెరిచింది తల్లి. హాని జరగబోయేది కూతురికి. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమెకు ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఒకరి కిచ్చిన మాట, ఆ గదిలో లేని మరొక పసిదాని జీవితాన్ని తాకట్టు పెట్టలేదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం, 1098 నంబరు ఉన్నది ఇటువంటి పిల్లల కోసమే.

అయితే మాట తప్పమని పిల్లలకు నేర్పుదామా? అలా కాదు. నిలబెట్టుకోలేని మాట ముందే ఇవ్వకూడదు. "అమ్మా, నీ మాటలు గుట్టుగా ఉంచుతాను. కాని ఏ బిడ్డకైనా ముప్పు ఉందని తెలిస్తే మాత్రం ఊరుకోలేను" అని పుస్తకం తెరవకముందే చెప్పాలి. అట్లా చెబితే కొందరు తల్లులు ఆ సంగతి దాచిపెడతారు, అప్పుడు బాల్యవివాహాల లెక్క తప్పిపోతుంది అని ఎవరైనా వాదించవచ్చు. నిజమే, కొంత లెక్క తప్పుతుంది. ఆ నష్టం భరించవలసిందే. కాపాడలేమని తెలిసీ వినడం కంటె, తక్కువ తెలుసుకోవడం మేలు.

ఆ విద్యార్థినిని నేను నిందించలేదు. పెళ్లి ఆగలేదు గాని పిల్ల చదువు ఆగనక్కరలేదని చెప్పి, ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్లాము. తల్లి మొదట మా ముఖం చూడలేదు. ఆ పిల్ల ఇప్పుడు మళ్లీ పుస్తకాలు పట్టింది, ఇంకా పరీక్ష రాయలేదు. అంతకంటె ఎక్కువ చెప్పే హక్కు నాకు లేదు.

మూడవది, తిరిగి ఇవ్వడం. ఆమె తన నివేదిక తెచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం గుడి ఆవరణలో చెట్టు కింద, పేర్లు లేకుండా, తెలుగులో చదివి వినిపించింది. మా ప్రాంతం సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒకప్పుడు వరి, వేట, ఇవే బ్రతుకు. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు వచ్చాయి. కొన్నేళ్లకే తెల్లమచ్చ తెగులు వచ్చి ఎందరో అప్పులపాలయ్యారు. 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. 2009 తరువాత వనామీ రకంతో సాగు మళ్లీ ఊపందుకుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. కుర్రవాళ్లు గుంటల మీద కాపలాకు, మేత చల్లడానికి, కృష్ణపట్నం రేవు పనులకు, మద్రాసుకు పోతున్నారు.

నివేదికలో యువకులు పగటిపూట చాలావరకు ఖాళీగా ఉంటున్నారని ఉంది. అది వినగానే వెనుక కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. "యమ్మా, మా పిల్లోళ్ల పగళ్లు లెక్క రాసుకున్నావు, రాత్రుళ్లు రాసుకోలా. రాత్రంతా గుంటల కాడ ఏరియేటర్లు చూసుకుంటా కాపలా ఉంటారు. కరెంటు పోతే పరిగెత్తాల. పగులు నిద్రపోకపోతే ఎట్టా?" అన్నాడు. ఆ అమ్మాయి అక్కడే దిద్దుకున్నది. నేను తల దించుకున్నాను. గుడి అరుగు మీద పగలు కునుకు తీసే ఆ కుర్రవాళ్లను సోమరులని నేను రెండేళ్లుగా ప్రసంగాలలో మందలిస్తున్నాను. చూడకుండా తీర్పు చెప్పడమంటే ఇదే. నివేదిక ఊరికి తిరిగి రాకపోతే దాని తప్పూ, నా తప్పూ రెండూ అట్లాగే ఉండిపోయేవి.

మనుషులను గూర్చి రాసిన రాత సంకెల కాగలదు, తాళంచెవి కూడా కాగలదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనుబట్టి మనుషులను దొంగలుగా జాబితాకెక్కించింది. మన యానాదులలో కొన్ని సమూహాలు కూడా ఆ మచ్చ మోశాయి. మన జిల్లా బిడ్డ వెన్నెలకంటి రాఘవయ్యగారు అదే యానాదుల మధ్య సేవచేసి, వారి పక్షాన పోరాడి, 1962లో వారి జీవితం గూర్చి గ్రంథం రాశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. రెండు రాతలూ ఆ ప్రజల గూర్చినవే. ఒకటి వారిపై కాపలా కాయడానికి రాసినది, మరొకటి వారితో కలిసి బ్రతికినవాడు రాసినది.

దూబగుంట సంగతీ ఇటువంటిదే. 1990ల తొలి ఏళ్లలో మన జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో స్త్రీల బ్రతుకులోని సారా బాధనే పాఠంగా చేసి వారి చేతికిచ్చారు. తమ కథ తమకే తిరిగి వచ్చినప్పుడు వారు చదివి ఊరుకోలేదు. రోశమ్మ వంటి తల్లులు సారా దుకాణాల ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేసినా, ఆ తల్లులు నేర్పిన పాఠం చెరిగిపోలేదు.

పరిశుద్ధ గ్రంథంలో రెండు విధాల లెక్కలున్నాయి. దావీదు రాజు తన బలం ఎంతో చూసుకోవడానికి ప్రజలను లెక్కపెట్టించాడు. దాని ఫలితంగా ప్రజల మీద తెగులు వచ్చింది. కాపరి కూడా గొఱ్ఱెలను లెక్కపెట్టాడు. తొంబది తొమ్మిదే ఉన్నాయని తేలగానే పుస్తకంలో రాసుకొని కూర్చోక, తప్పిపోయినదాని కోసం బయలుదేరాడు. యేసు ప్రభువు యెరికో దారిలో గ్రుడ్డివానిని "నీకేమి కావాలి?" అని అడిగి, జవాబు విని వెళ్లిపోలేదు.

పరిశోధకులందరూ స్వస్థత కలిగించలేరు. ఒక విద్యార్థినికి ఆ తల్లి భర్త తాగుడు మాన్పించే శక్తి లేదు. అంత బాకీ ఎవరూ అడగడం లేదు. తిరిగి రావడం, విన్నది ఇదని చెప్పడం, తప్పుంటే దిద్దుకోవడం, దారి తెలిసినచోట చూపించడం, ఈ మాత్రం అప్పు మాత్రం ఉంది. అది గురువులమైన మాకూ ఉంది. ఇంటింటి దర్శనాలకు వెళ్లి కుటుంబ రిజిస్టరు నింపుకునేది మేము కూడా కదా! ఉపదేశులకు, సంఘ పెద్దలకు, ఆరోగ్య కార్యకర్తలకు కూడా ఇదే మాట.

ఇకమీదట మా విచారణలో ఎవరైనా ప్రశ్నపత్రంతో వస్తే నేను ప్రకటన చేస్తాను. కాని "చెప్పండి" అనను. "ఇష్టమైతే చెప్పండి, వద్దనుకుంటే వద్దనండి, నేనేమీ అనుకోను" అంటాను. వచ్చినవారిని తిరిగి వచ్చే తేదీ అడుగుతాను.

ఆ సాయంత్రం చెట్టు కింద ఆ తల్లి కూడా కూర్చుని చివరిదాకా విన్నది. పోయేటప్పుడు ఆ విద్యార్థిని చెయ్యి పట్టుకొని, "నా మాట ఎక్కడో పారేసినావనుకున్నా పాపా. ఉంది. చాల్లే" అన్నది. ఆమె భర్త ఇంకా తాగుతూనే ఉన్నాడు. వచ్చే వారం ఆయనను కలవడానికి వెళుతున్నాను. ఈసారి పుస్తకం తీసుకువెళ్లను.