లేనిదీ, పోయినదీ

జిగట విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్ మాత్ర పనిచేసే తీరు కాస్త క్రూరంగా ఉంటుంది. ఆక్సిజన్ అందని చోట బతికే జీవి లోపలికి వెళ్లాక, ఆ జీవి శక్తి కోసం నడుపుకునే రసాయన వ్యవస్థే ఈ మందును విషంగా మారుస్తుంది. మన కణాలు మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో చేసుకునే పని పేగులోని అమీబాకు చేతకాదు. దెబ్బ సరిగ్గా ఆ చేతకానితనం మీదే.

మరి దానికి మైటోకాండ్రియా ఎందుకు లేవు? ఇలాంటి జీవులకు అవి మొదట్నుంచీ లేవనీ, మిగతా మనమంతా మైటోకాండ్రియా సంపాదించుకోకముందే విడిపోయిన ఆదిమ శాఖలనీ 1980ల్లో ఒక వాదం గట్టిగా నడిచింది. పాపం, ఎదగనివి అన్నమాట. 1995లో అమీబా డీఎన్‌ఏలో, మైటోకాండ్రియా సంతతికి చెందిన ఒక జన్యువు దొరికింది. ఇల్లు లేదంటున్నవాడి జేబులో తాళంచెవి! 1999లో ఆ ఇంటి శిథిలమూ కనబడింది: మైటోసోమ్ అనే చిన్న సంచి. 2003లో జియార్డియాలోనూ అదే కథ. ఆ సంచుల్లో సొంత డీఎన్‌ఏ లేదు, సీక్వెన్స్ చేయడానికి ఏమీ మిగల్లేదు.

మిగిలినది బ్లాస్టోసిస్టిస్‌లో. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లోనూ కనిపించే ఏకకణ జీవి ఇది. దీని మైటోకాండ్రియా జీనోమ్‌ను 2008 ప్రాంతంలో చదివారు. సుమారు 28 వేల అక్షరాలు. మనిషిది 16,569. అంటే పరాన్నజీవిదే పెద్దది! అయితే ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే యంత్రంలో మొదటి భాగం జన్యువులు కొన్ని ఉన్నాయి, చివరి భాగాలవి లేవు. లేవని తెలిసింది కూడా బంధువుల జీనోమ్‌లతో పోల్చి చూస్తేనే. ఒక్కదాన్నే చదివితే ఖాళీ ఖాళీగా కనబడదు.

లేకపోవడానికీ పోవడానికీ మధ్య ఉన్న ఈ తేడా జీవశాస్త్రంతో ఆగదనిపిస్తుంది. అనంతపురం పేరెత్తగానే కరువు అంటాం. "ఈ గడ్డన నీళ్లు యాడుండాయప్పా" అని అక్కడివాళ్లే అంటారు. అందులో నిజముంది. పడమటి కనుమల వానచాటు ప్రాంతం, ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన. ఆకాశం ఎప్పుడూ ఉదారంగా లేదు. కానీ ఆ కొద్ది వాననే పట్టి ఉంచడానికి విజయనగర కాలం నుంచీ చెరువులు కట్టారు. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు. తూముల దగ్గర నీళ్లు పంచడానికి నీరుగంటి అనే మనిషి. ఆ నీళ్లు అన్ని కులాల మడికీ సమానంగా పారాయని నేననను, స్వర్ణయుగం కబుర్లంటే నాకు భయం. అయినా వాన తక్కువ కావడం వేరు, పూడిక తీయక, వాగు కాలవలు మూసుకుపోయి, బోర్లు పోటీపడి పాతాళానికి దిగి చెరువు పోవడం వేరు.

ఎప్పుడూ లేనివాడి మీద జాలి పడతాం. ట్యాంకరు పంపుతాం, పరిహారం ఇస్తాం, ఆ తర్వాత అదే నోటితో సబ్సిడీల మీద బతికే పరాన్నజీవులంటాం. పోగొట్టుకున్నవాడి ముందు మాత్రం అలా నిలబడలేం, ఎలా పోయిందో లెక్క చెప్పాల్సి వస్తుంది. అందుకేనేమో, పోయినదాన్ని ఎప్పుడూ లేనిదిగా చూడటం మనకంత సుఖంగా ఉంటుంది. ఆదిమ శాఖ అన్న శాస్త్రవేత్తలకు ఆ సుఖం అవసరం లేదు, వాళ్లది నిజాయితీ గల పొరపాటు. సాక్ష్యం రాగానే వదిలేశారు.

పోలిక ఇక్కడే తెగుతుంది కూడా. అమీబా దగ్గర ఎవరూ ఏమీ లాక్కోలేదు. పేగులో ఆ యంత్రం అక్కర్లేకపోయింది, తరతరాలుగా జారిపోయింది. దానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. చెరువు అలా జారిపోలేదు.

చెరువు ఆనవాలు కూడా చెరువులో దొరకదు, వేరేచోట వెతకాలి. రెవెన్యూ రికార్డుల్లో ఇంకా ఆ మాట ఉంటుంది: చెరువు పోరంబోకు. నీళ్లు ఎండి, కట్ట తెగి, లేఅవుట్ రాళ్లు పాతినా కాగితంలో ఆ సర్వే నంబరు ఎదుట అదే రాసి ఉంటుంది. ప్లాటు బేరమాడేటప్పుడు ఆ కాగితం అడిగి చూస్తామా అన్నది నన్ను నేను ఇంకా అడుక్కుంటున్న ప్రశ్న.