అరువు తెచ్చుకున్న సంకల్పం

పదిహేనేళ్ల బాలుడొకడు మైలు దూరాన్ని అయిదు నిమిషాలలో పరుగెత్తగలడనుకుందాం. పాఠశాల జట్టులో చోటు దొరకడానికి అది చాలవచ్చు, పతకానికి మాత్రం చాలదు. నాలుగు నిమిషాల నలభై సెకన్లకు దిగాలని వ్యాయామోపాధ్యాయుడు నిర్ణయిస్తాడు. కాగితం మీద ఇరవై సెకన్లు స్వల్పమే. కాని మైలంటే 1760 గజాలు, అంటే 1609 మీటర్ల పైచిలుకు. 400 మీటర్ల బాటమీద నాలుగు చుట్లు, ఆపైన తొమ్మిది మీటర్లు. చుట్టుకు సుమారు 75 సెకన్లు తీసుకునేవాడు 70 సెకన్లలో ముగించాలన్నమాట. ఆ అయిదేసి సెకన్ల కోసం ఏడాది పొడుగునా తెల్లవారుజాములూ సాయంకాలాలూ ధారపోయవలసి ఉంటుంది. ఇందులో శరీరశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలావాటికి సమాధానాలూ ఉన్నాయి. వాటికన్న పాతదీ, అంత తేలికగా తెగనిదీ అయిన ప్రశ్న మరొకటుంది: ఆ ఇరవై సెకన్లు ఎవరికి కావాలి?

పెద్దల విషయంలో ఈ ప్రశ్న తలెత్తదు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ మైదానంలో రోజర్ బానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు ముగించినప్పుడు ఆయన వయస్సు 25 సంవత్సరాలు. వైద్యవిద్యార్థి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పోటీలో నాలుగో స్థానంతో సరిపెట్టుకోవలసి రావడం ఆయన మనస్సును బాధించింది. 440 గజాల పరుగును మధ్యమధ్య కొద్దిపాటి విరామంతో పదిసార్లు పరుగెత్తడం ఆయన సాధన. ఒక్కొక్క పరుగు 61 సెకన్ల దగ్గర ఆగిపోయి ఎంతకీ దిగకపోతే, సాధన కట్టిపెట్టి స్కాట్లండ్ కొండలెక్కడానికి వెళ్లాడు. తిరిగి వచ్చాక 59 సెకన్లకు దిగాడు. సాధన ఆయనదే, విరామమూ ఆయనదే. అదే ఏడాది చివరకు పరుగుపందేలకు స్వస్తి చెప్పి వైద్యవృత్తిలో ప్రవేశించాడు. వద్దనుకున్న రోజున వెళ్లిపోవడానికి ఆయనకొక తలుపు తెరిచే ఉంది.

పాఠశాల బాలుని స్థితి వేరు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు విచిటా నగరంలో 1947లో జన్మించిన జిమ్ ర్యూన్ చరిత్ర ఈ భేదాన్ని చక్కగా చూపుతుంది. చిన్న తరగతులలో అతడు ఏ జట్టులోనూ నిలవలేకపోయాడు. 1962లో విచిటా ఈస్ట్ ఉన్నత పాఠశాలలో పరుగు జట్టులో చేరాడు. అక్కడి శిక్షకుడు బాబ్ టిమ్మన్స్ అంతకుముందు ఈతగాళ్లను తీర్చిదిద్దినవాడు. ఈతగాళ్లు రోజూ నీటిలో చేసేటంత శ్రమను పరుగుగాళ్లు నేలమీద ఎందుకు చేయకూడదన్నది ఆయన ఆలోచన. ర్యూన్ మొదటి ఏడాది ముగిసేసరికి మైలును 4 నిమిషాల 7.8 సెకన్లలో పరుగెత్తాడు. ఆ కాలంలోనే ఒక పోటీనుంచి బస్సులో తిరిగివస్తుండగా, పాఠశాల విద్యార్థులలో నాలుగు నిమిషాల హద్దును దాటే మొదటివాడివి నీవేనని గురువు తనతో అన్నట్లు ర్యూన్ తరవాతి కాలంలో చెప్పుకొన్నాడు. ఆ మాట వినేవరకు ఆ బాలునికి అటువంటి కోరిక లేదు. జట్టులో నిలిచి, జట్టు చొక్కా తొడుక్కుంటే చాలుననుకున్న కుర్రవాడతడు.

ఆ తరవాత జరిగినది కఠోర సాధన. వారానికి 100 మైళ్ల దాకా పరుగు. కొన్ని రోజులలో 440 గజాల పరుగు ఒకే పూట 40 సార్లు. 1964 జూన్ 5న కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో, పెద్దల పోటీలో, పదిహేడేళ్ల ర్యూన్ 3 నిమిషాల 59 సెకన్లలో మైలు ముగించాడు. ఆ పందెంలో అతనిది ఎనిమిదో స్థానమన్నది చాలామంది మరచిపోయే సంగతి. అతని ముందున్న ఏడుగురూ నాలుగు నిమిషాలలోపే వచ్చారు. 1965లో పాఠశాలల పోటీలోనే 3 నిమిషాల 58.3 సెకన్లు, 1966లో 3 నిమిషాల 51.3 సెకన్లతో ప్రపంచ రికార్డు. 1967 తరవాత 34 సంవత్సరాలపాటు, అంటే 2001లో అలన్ వెబ్ వచ్చేదాకా, అమెరికన్ పాఠశాలల నుంచి మరొక విద్యార్థి ఆ హద్దును దాటలేదు. టిమ్మన్స్ కన్ను పొరబడలేదని దీనివల్ల స్పష్టమవుతుంది.

కన్ను పొరబడలేదు కనుక చేసినది న్యాయమే అనవచ్చునా? ఒక విధంగా అనవచ్చు. తన శక్తి ఎంతటిదో బాలునికి తెలియదు. తెలియనిదానిని కోరుకోవడం సాధ్యం కాదు. ఆ కోరికను ఎవరో ఒకరు ముందుగా అరువివ్వాలి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలోని బియ్యంలో ఓనమాలు దిద్దే బిడ్డ చదువును కోరి అక్కడ కూర్చోలేదు. తండ్రి చేయి పట్టి దిద్దించాడు. వీణ నేర్చుకున్నవారిలోనూ, వేదం నేర్చుకున్నవారిలోనూ అనేకులు మొదట ఏడుస్తూ కూర్చున్నవారే. విద్య అంతా ఏదో ఒక దశలో అరువు సంకల్పమే. ఎరువుల సొమ్ము బరువుల చేటు అన్న సామెత నగలకు వర్తించినట్లు చదువుకు వర్తించదు; అరువు తెచ్చుకున్నది కాలక్రమాన సొంతమవుతుంది. ఈ వాదంలో చాలా బలముంది. పిల్లలను వారి ఇష్టానికి వదిలివేయాలన్న ఆధునిక ధోరణి దీనికి సరియైన జవాబు ఇవ్వలేకపోయింది.

అయినప్పటికీ మైలు పరుగుకూ ఓనమాలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మైలు రహస్యం మూడో చుట్టులో ఉన్నదని ఆ విద్య తెలిసినవారందరూ చెబుతారు. మొదటి చుట్టు ఉత్సాహం మీద సాగుతుంది, రెండోది అలవాటు మీద. నాలుగోదానిలో గమ్యం కనిపిస్తూ ఉంటుంది. మూడో చుట్టులో ఊపిరి చాలదు, తొడలు బరువెక్కుతాయి, ఇక చాలునని శరీరం మొరపెడుతుంది. ఆ మొరను వినీ విననట్లు అదే వేగాన్ని నిలుపుకోవడం నేర్పేదే శిక్షణ. పదే పదే పరుగెత్తించి, పూర్తిగా తేరుకోకముందే మళ్లీ గీత దగ్గర నిలబెట్టడంలోని ఉద్దేశం గుండెను బలపరచడం ఒక్కటే కాదు, ఆ మొరకు చెవి ఒగ్గకుండా మనస్సును మలచడం కూడా.

చిక్కంతా ఇక్కడే ఉంది. వద్దు అనడానికి బాలునికి ఉన్న మొదటి భాష శరీరమే. దాని మాటను లెక్కచేయకపోవడమే ఘనతయని ఏళ్లతరబడి నేర్పిన తరవాత, నిజంగా వద్దనవలసిన రోజున అతడు ఏ గొంతుతో అంటాడు? గురువు ఏ చెవితో వింటాడు? అలసటకూ గాయానికీ, బద్ధకానికీ విరక్తికీ మధ్యనున్న తేడాను గుర్తుపట్టే శక్తిని శిక్షణే మొద్దుబారుస్తుంది. బాలుడు ఇష్టపడే చేస్తున్నాడన్న సమాధానం ఇక్కడ పూర్తిగా నిలవదు. ఆ ఇష్టంలో కొంతభాగం శిక్షణ తయారుచేసినదే.

ఇది నేటి సందేహం కాదు. ప్రాచీన గ్రీకుల ఒలింపిక్ క్రీడలలో బాలురకు ప్రత్యేక పోటీలు క్రీ.పూ. 632 నుంచి ఉన్నట్లు సంప్రదాయం. అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో, బాల్యంలో గెలిచి పెద్దయిన తరవాత కూడా గెలిచినవారు ఇద్దరో ముగ్గురో మాత్రమే కనిపిస్తారనీ, చిన్ననాటి తీవ్రసాధన వారి బలాన్ని హరించడమే దీనికి కారణమనీ వాదించాడు. బాలలను క్రూరశ్రమకు గురిచేసిన స్పార్టాను విమర్శించాడు కూడా. విజేతల జాబితాను సాక్ష్యంగా తీసుకొని తత్త్వవేత్త ఒక విద్యావిధానాన్ని ఖండించడం చరిత్ర విద్యార్థులకు ముచ్చట గొలిపే విషయం.

ఆధునిక సాక్ష్యం మరింత బాధాకరమైనది. 2013లో పదిహేడేళ్ల వయస్సులో మాస్కో ప్రపంచ పోటీల 1500 మీటర్ల ఫైనల్ వరకు వెళ్లిన అమెరికన్ విద్యార్థిని మేరీ కెయిన్, బరువు తగ్గాలని శిక్షణలో తనపై నిరంతరం ఒత్తిడి తెచ్చారనీ, మూడేళ్లపాటు ఋతుక్రమం ఆగిపోయిందనీ, అయిదు ఎముకలు విరిగాయనీ 2019లో బహిరంగంగా చెప్పింది. శరీరం వద్దన్నమాటను ఇంతకన్న స్పష్టంగా చెప్పలేదు. అది చెప్పిన చాలాకాలానికి గాని లోకానికి వినపడలేదు.

ర్యూన్ కథకు కూడా రెండో భాగం ఉంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అతడు కెన్యాకు చెందిన కిప్ కేనో వెనుక రెండోవాడుగా వచ్చాడు. 1969 జూన్‌లో మయామిలో జరిగిన జాతీయ పోటీలో, పందెం నడుస్తుండగానే బాట దిగి పక్కకు వెళ్లిపోయాడు. అప్పటికతనికి 22 ఏళ్లు. ఏడాదిన్నరకు పైగా పందేలకు దూరంగా ఉండి 1971లో తిరిగి వచ్చాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తొలిదశ పోటీలోనే మరొకరితో తట్టుకొని పడిపోయాడు. పత్రికలు 1969 నాటి నిష్క్రమణను పిరికితనంగా చిత్రించాయి. నిజానికి అతని జీవితంలో ఆ పరుగు పూర్తిగా అతని సొంతమైనది అప్పుడేనేమో. తిరిగి వచ్చినవాడు తన ఇష్టంతో వచ్చాడు, ఎవరూ తోసి తేలేదు. టిమ్మన్స్ శిక్షణలో ఎంత కాఠిన్యమున్నా, ఆ బాట దిగిపోవడానికి చోటుండినది. దిగినందుకు అతనికి కూడు కరవు కాలేదు, చదువు ఆగిపోలేదు.

ఈ చోటు లేకపోవడమంటే ఏమిటో మన దేశంలో 2006లో కనిపించింది. ఒడిశాలో నాలుగేళ్ల బాలుడొకడు మే 2న పూరీ నుంచి భువనేశ్వర్ దిశగా 65 కిలోమీటర్లు, ఏడు గంటలకు పైగా పరుగెత్తాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ బాలునిలోని శక్తి ఎలా బయటపడిందో అతని శిక్షకుడే చెప్పేవాడు: ఏదో తప్పుచేస్తే శిక్షగా మైదానం చుట్టూ పరుగెత్తమని చెప్పి వెళ్లాడట, కొన్ని గంటల తరవాత తిరిగివచ్చి చూస్తే పసివాడు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడట. దీనిని ప్రతిభకు నిదర్శనంగా అందరూ విన్నారు. ఆగవచ్చునని తెలియని పసివాని కథగా విన్నవారు తక్కువ. శిక్ష, శిక్షణ ఒకే ధాతువునుంచి పుట్టిన మాటలన్నది ఇక్కడ స్ఫురించక మానదు. అయితే ఆ శిక్షకుడు కడు పేదయింటి బిడ్డను చేరదీసి అన్నం పెట్టినవాడు కూడా. అన్నం పెట్టిన చేతిని కాదని చెప్పడం పెద్దలకే కష్టం. వైద్యపరీక్షల అనంతరం ప్రభుత్వం దూరపు పరుగులను నిషేధించి, తరవాత బాలుని క్రీడావసతిగృహంలో చేర్చింది. నిషేధం సమంజసమే. కాని ఆ బాలునికి ఏమి కావాలన్న ప్రశ్నను అప్పుడు కూడా అడిగినవారు అరుదు.

ఇటువంటి సందర్భంలో ద్రోణుని తలచుకోవడం ఆనవాయితీ. 1985 నుంచి ఉత్తమ శిక్షకులకు భారత ప్రభుత్వం ఇస్తున్న పురస్కారం ఆయన పేరిటనే ఉన్నది. బొటనవేలు అడిగిన గురువు పేరు తగునా అన్న చర్చ పాతది, దానిలోకి పోనక్కరలేదు. ఏకలవ్యుని విషయంలో అంతగా గమనించనిది ఒకటుంది: అతని సంకల్పం పూర్తిగా అతనిదే. ఎవరూ ఇవ్వలేదు. గురువు వద్దన్న తరవాత నేర్చుకున్నవాడతడు. వేలు ఇవ్వమన్నప్పుడు మాత్రం కాదనలేకపోయాడు.

నేడు తెలుగునాట మైలు పరుగు పతకాల వ్యవహారం కాదు, జీవనోపాధి. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాలలో ముగించాలన్న నియమం వచ్చింది. తెలంగాణలో 2022 ప్రకటన దానిని 7 నిమిషాల 15 సెకన్లుగా నిర్ణయించింది. సైనిక నియామక ర్యాలీలలో 1.6 కిలోమీటర్లకు 5 నిమిషాల 30 సెకన్లు పూర్తి మార్కులకు హద్దుగా ఏళ్ల తరబడి నడిచింది. ఇంటర్మీడియట్ చదివే కుర్రవాళ్లు ఊరి వెలుపలి తారురోడ్డుపై తెల్లవారకముందే ఈ లెక్కలు చూసుకుంటూ పరుగెత్తడం జిల్లాలలో పనిచేసిన అధికారులందరికీ పరిచితమైన దృశ్యం. వారికి గురువు అవసరం లేదు, కోరికను ఎవరూ అరువివ్వనక్కరలేదు. ఇంటి పరిస్థితే ఆ పని చేస్తుంది. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు 10 కిలోమీటర్లను గంటలో పరుగెత్తవలసిన పరీక్షలో పలువురు అభ్యర్థులు మరణించారు. పరీక్షను కొద్దిరోజులు వాయిదా వేశారు. శరీరం వద్దని చెప్పినా ఆగలేని స్థితికి వారిని తెచ్చినది ఏ శిక్షకుడూ కాదు.

క్రీడాపాఠశాలల విషయం ఇంకా సున్నితమైనది. హకీంపేటలోనూ ఇతరచోట్లా నాలుగో తరగతి పిల్లలను పరీక్షించి చేర్చుకుంటారు. తొమ్మిదేళ్ల బిడ్డకు అక్కడ మంచి తిండి, చదువు, మైదానం లభిస్తాయి. గ్రామీణ కుటుంబాలకు ఇది చిన్న మేలు కాదు. ఆ బిడ్డకు పద్నాలుగేళ్లు వచ్చేసరికి పరుగుమీద మనస్సు విరిగితే ఏమి చేయాలి? మానివేయడమంటే పరుగును మాత్రమే మానివేయడం కాదు. మంచమూ, కంచమూ, తరగతిగదీ వదలుకొని ఊరికి పోవలసి వస్తే, ఆ బాలుడు ఏ శిక్షకుడు అడిగినా ఇష్టమేననే చెబుతాడు. క్రీడ విడిచిన విద్యార్థికి అదే జిల్లాలోని సాధారణ గురుకులంలో అదే తరగతిలో సీటు దక్కుతుందన్న హామీ ప్రవేశపత్రంతోపాటే తండ్రి చేతికి లిఖితపూర్వకంగా అందితే, గీత దగ్గర నిలబడిన ఆ పిల్లవాని మాటకు కొంత విలువ వస్తుంది. దీనికి కావలసిన ఖర్చు ఎక్కువ కాదు, గురుకులాలు ఉన్నవే. ఏటా ఎంతమంది విడిచిపోయారన్న లెక్కతోపాటు ఎందుకు విడిచారన్నది కూడా అడిగి రాసుకునే పట్టిక ఒకటి ఉండాలి. ఆ ప్రశ్న అడిగేవారు శిక్షకుడు కాకుండా మరొకరై ఉండాలి.