అడగకుండా తీసుకున్న ముఖం



అర్ధరాత్రి దాటాక నగరం రోడ్ల మీద ఎవరుంటారో మీకు తెలుసు. చీపురు పట్టిన మన అక్కలు, ఫుట్‌పాత్ మీద పడుకున్న కూలీలు, రిక్షాలోనే ముడుచుకున్న తాతలు. పగలు ఎవరి కంటికీ ఆనని ఈ ముఖాలను రాత్రిపూట ఫొటో తీసి ఏసీ హాల్లో గోడకు వేలాడదీస్తే అది కరుణా? ఇంకో రకం దోపిడీనా?

మేం ఒకసారి బస్తీ కమ్యూనిటీ హాల్లో ఇలాంటి ఫొటోలు పెట్టాం. రోడ్లూడ్చే ఒక అక్క వచ్చి తన ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. "ఒక్క మాట అడిగితే కొంగు సర్దుకునేదాన్ని కదా తమ్ముడూ" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫొటో దించేశాం.

అలాగని అసలు చూపించకుండా ఉందామా? కంటికి కనపడకుండా ఉంచడమే కదా కులం చేసే పని! పాకీపనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా మనవాళ్ళు మ్యాన్‌హోళ్ళలో చనిపోతూనే ఉన్నారు. సుధారక్ ఓల్వే ముంబై సఫాయి కార్మికుల మధ్య తిరిగి తీసిన ఫొటోలు ఆ బతుకును దేశం ముందు పెట్టాయి. చూపించాల్సిందే. ఎలా అన్నదే ప్రశ్న.

1880ల చివర్లో జేకబ్ రీస్ అనే విలేకరి న్యూయార్క్ పేదల గదుల్లో రాత్రిపూట మెగ్నీషియం పొడి వెలిగించి ఫొటోలు తీశాడు. 1890లో పుస్తకం వేశాడు. 1901లో అక్కడ వచ్చిన ఇళ్ళ చట్టం వెనుక ఆ ఫొటోల బలమూ ఉంది. మేలు జరిగింది నిజమే. కానీ కళ్ళలో ఆ మెరుపు కొట్టి ఉలిక్కిపడినవాళ్ళను ముందుగా అడిగిందెవరు?

మనం రోజూ చెప్పుకునే రెండో శీలం, ఇవ్వనిది తీసుకోనని. డబ్బు, వస్తువులకేనా ఆ శీలం? ముఖం కూడా మనిషి సొంతమే. రాజగృహం వీధిలో సునీతుడనే పాకీపనివాడు బుద్ధుణ్ణి చూసి గోడవారగా ఒదిగి నిలబడ్డాడు. బుద్ధుడు జాలిపడి దాటిపోలేదు. దగ్గరికి వెళ్ళి, సంఘంలోకి వస్తావా అని అడిగాడు. ఆ అడగడంలోనే గౌరవం ఉంది.

అడిగితే సహజత్వం పోతుందంటారు కొందరు. మీ ఇంట్లో బాబాసాహెబ్ ఫొటో చూడండి. కోటు, టై, సూటిగా చూసే చూపు. తాను ఎలా కనపడాలో ఆయనే నిర్ణయించుకున్నారు. మన అక్కకు ఆ హక్కు లేదా?

కాబట్టి మీరెప్పుడైనా ఎగ్జిబిషన్ పెడితే ముందు అడగండి. వద్దంటే కెమెరా దించండి. నిద్రపోతున్నవాళ్ళు ఒప్పుకోలేరు, వాళ్ళ ముఖాల జోలికి పోవద్దు. ఫొటోలు మొదట వాళ్ళ బస్తీలోనే పెట్టండి. ఒక ప్రింటు వాళ్ళ చేతికివ్వండి.

తర్వాత ఆ అక్కను అడిగే మళ్ళీ తీశాం. కొంగు సర్దుకుంది. చీపురు పక్కన పెట్టాలా అని కాసేపు ఆలోచించి, పట్టుకునే నిలబడింది. ఆ ఫొటో ఇప్పుడు వాళ్ళింట్లో, బాబాసాహెబ్ పటం పక్కన ఉంది.

జై భీమ్! నమో బుద్ధాయ!